ఎంపిక ఎవరిది? అండమాన్ తీరంలో ఫోన్ల పోరు

2020 ఆగస్టు 10న ప్రధాని నరేంద్ర మోదీ ఢిల్లీలో కూర్చుని, దృశ్యమాధ్యమం ద్వారా చెన్నై–పోర్ట్ బ్లెయిర్ సముద్రగర్భ కేబుల్‌ను జాతికి అంకితం చేశారు. పొడవు సుమారు 2,300 కిలోమీటర్లు, వ్యయం సుమారు 1,224 కోట్ల రూపాయలు. అండమాన్ నికోబార్ చరిత్రలో అది పెద్ద ఘట్టమే. అయితే ద్వీపవాసి చేతిలో ఏ ఫోను ఉండాలి, అది ఏ ఆపరేటింగ్ సిస్టమ్‌పై నడవాలి అన్న ప్రశ్న ఆనాటికే తేలిపోయింది. సింబియన్, బ్లాక్‌బెర్రీ, విండోస్ ఫోన్, ఫైర్‌ఫాక్స్ వరుసగా రంగం వీడి, ఆండ్రాయిడ్, ఐఫోన్ అనే రెండు పక్షాలే మిగిలిన తరువాత గాని ఆ తీగ తీరం చేరలేదు. పోలింగ్ ముగిశాక ఓటరు జాబితాలో పేరు చేర్చినట్లయింది.

ఈ ఆలస్యానికి పూర్వరంగం ఉన్నది. మారుమూల ప్రాంతాలకు టెలికాం సేవలు అందించేందుకు సార్వత్రిక సేవా బాధ్యత నిధి 2002లో ఏర్పడింది. ద్వీపాలకు సముద్రగర్భ కేబుల్ అవసరమని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2014 జులైలో సిఫారసు చేసింది. ఆ నిధితోనే చేపట్టిన కేబుల్‌కు శంకుస్థాపన జరిగినది 2018 డిసెంబరు 30న. అంతవరకు 2011 జనగణన ప్రకారం 3.8 లక్షల జనాభా గల ద్వీపాలు ప్రధానంగా ఉపగ్రహంపై ఆధారపడ్డాయి. అందరూ కలిసి పంచుకోవలసిన ఆ వాటా సెకనుకు కొద్ది గిగాబిట్లకు మించదు. కొత్త కేబుల్‌లో చెన్నై, పోర్ట్ బ్లెయిర్ మధ్య మాత్రమే 200 గిగాబిట్ల మార్గాలు రెండు ఉన్నాయి.

స్మార్ట్‌ఫోన్ల పోరు సాగినది సరిగ్గా ఆ ఉపగ్రహ కాలంలోనే. 2008 ఆగస్టులో ఐఫోన్ భారత విపణిలోకి వచ్చినప్పుడు 8 గిగాబైట్ల నమూనా ధర 31,000 రూపాయలు. మరుసటి ఏడాది ఆండ్రాయిడ్ వచ్చింది. అప్పటికి దేశంలో నోకియాదే రాజ్యం. చెన్నై చేరువలోని శ్రీపెరుంబుదూరులో దాని కర్మాగారం రాత్రింబవళ్లు నడిచేది. ఆ కాలపు నోకియా 5800 తెర ఒత్తిడికి స్పందించేది: గోరుతో నొక్కినా, పుల్లతో నొక్కినా పని జరిగేది. ఐఫోన్ తెచ్చిన తెర వేలిలోని విద్యుత్ స్వభావాన్ని గుర్తించే రకం. నునుపులోనూ వేగంలోనూ అది మేటి, కాని తడి చేతికి తడబడుతుంది. ఉప్పునీటిలో వలలాగే చేతికి ఏ తెర అనువైనదో కాలిఫోర్నియాలో ఎవరూ అడిగినట్లు లేదు. ప్రపంచం నునుపునే ఎంచుకున్నది. ద్వీపాలకూ అదే దక్కింది.

ఇంతకంటే ముఖ్యమైన విషయం పటాలది. నోకియా లూమియా ఫోన్లలో, అనగా విండోస్ ఫోన్లలో, మొత్తం ప్రాంతపు పటాన్ని ముందే దించుకుని నెట్‌వర్క్ లేకుండానే దారి చూసుకునే సౌకర్యం ఉండేది. గూగుల్ మ్యాప్స్‌లో నెట్‌వర్క్ లేకుండా దారి చూపే ఏర్పాటు 2015 నవంబరులో గాని రాలేదు. ఉపగ్రహపు వాటాతో గడుపుకునే ద్వీపానికి ఈ రెండింటిలో ఏది తగినదో చెప్పడానికి నిపుణులు అక్కరలేదు. కాని ఆ తీర్పు ద్వీపం ఇవ్వలేదు. అనువర్తనాలు రాసేవారు విండోస్‌ను వదిలేశారు. హైదరాబాదు బిడ్డ సత్య నాదెళ్ల 2015 జులైలో నోకియా ఫోన్ల కొనుగోలు లెక్కలోంచి 760 కోట్ల డాలర్లను నష్టంగా రాసివేశారు. శ్రీపెరుంబుదూరు కర్మాగారం 2014 నవంబరు 1నే మూతపడింది.

అదే కాలంలో అతి చవక ప్రత్యామ్నాయం ఒకటి వచ్చింది. 2014 ఆగస్టులో ఇంటెక్స్ సంస్థ ఫైర్‌ఫాక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌తో 1,999 రూపాయలకు ఫోను విడుదల చేసింది. పేదవాడి కోసమన్నారు. తీరా ఆ వ్యవస్థ మొత్తం వెబ్‌పై ఆధారపడి కట్టినది. జేబులో డబ్బు లేనివాడికి చేతిలో ఇంటర్నెట్ ఉంటుందనుకోవడం ఆ రూపకర్తల అమాయకత్వం. ఏడాదిన్నర తిరగకుండానే మొజిల్లా చేతులెత్తేసింది.

లిపి సంగతి వేరు. 2011 జనగణనలో ద్వీపాల జనాభాలో సుమారు 13 శాతం తెలుగువారు. ఉత్తరాంధ్ర తీరం నుంచి వలస వెళ్లిన మత్స్యకార కుటుంబాలు వారిలో గణనీయం. వారికి ఏ ఫోను మంచిదన్న ప్రశ్నకు ముందు ఏ ఫోను తెలుగు చదువుతుందన్న ప్రశ్న నిలిచింది. ఆండ్రాయిడ్ 2012లో 4.1 సంచికతో తెలుగుకు అధికారికంగా చోటిచ్చింది. అంతకుముందు అనేక ఫోన్లలో తెలుగు సందేశమంటే ఖాళీ గళ్ల వరుసే. ఐఫోన్ పరాభవం 2018 ఫిబ్రవరిలో బయటపడింది. జ్ఞా అక్షరంలో కంటికి కనిపించని విభాజక సంకేతం ఒకటి చేరితే చాలు, ఆ సందేశం అందుకున్న అనువర్తనం కుప్పకూలేది. ఆపిల్ ఫిబ్రవరి 19న మరమ్మతు విడుదల చేసింది. జ్ఞానానికి, జ్ఞాపకానికి మొదటి అక్షరమే యంత్రాన్ని పడగొట్టిందని లోకమంతా నవ్వుకున్నది.

ఇక 2020లో రాజ్యమే రంగంలోకి దిగింది. ఏప్రిల్ 2న విడుదలైన ఆరోగ్య సేతు మొదట ఆండ్రాయిడ్‌కు, ఐఫోన్‌కు మాత్రమే. జియోఫోన్లు వాడే కైఓఎస్‌కు మే నెలలో అందింది. సాధారణ ఫోనుకు 1921 నంబరు మిగిలింది. ఏ ఆపరేటింగ్ సిస్టమ్ గలవాడు ముందువరుస పౌరుడో ప్రభుత్వమే చెప్పకనే చెప్పింది. జూన్ 29న 59 చైనా అనువర్తనాలను నిషేధించింది. గల్వాన్ ఘర్షణ తరువాత ఆ నిర్ణయానికి రాజకీయ సమర్థన సులభమే. కాని ఆ జాబితాలో నెట్‌వర్క్ లేకుండా ఫోను నుంచి ఫోనుకు ఫైళ్లు పంపే షేర్‌ఇట్, జెండర్, డేటా పొదుపు చేసే యూసీ బ్రౌజర్ ఉన్నాయి. నెట్‌వర్క్ లేనివాడి ఊతకర్రలవి. కేబుల్ వెలగడానికి ఆరు వారాల ముందు అవి పోయాయి.

ఎంపిక హక్కుపై అసలు విచారణ మరో వేదికపై జరిగింది. ఫోన్ తయారీదారులపై ముందస్తు అనువర్తనాలను రుద్దుతూ ఆండ్రాయిడ్ ఆధిపత్యాన్ని దుర్వినియోగం చేసిందంటూ కాంపిటీషన్ కమిషన్ 2022 అక్టోబరు 20న గూగుల్‌కు 1,337.76 కోట్ల రూపాయల జరిమానా విధించింది. 2023 జనవరిలో సుప్రీంకోర్టు స్టేకు నిరాకరించింది. అదే నెలలో ఐఐటీ మద్రాసులో రూపుదిద్దుకున్న భారోస్‌ను కేంద్రమంత్రులు పరీక్షించి ప్రశంసించారు. అంగడిలో దాని జాడ నేటికీ కనబడదు. మార్చి 29న అప్పిలేట్ ట్రిబ్యునల్ జరిమానాను సమర్థిస్తూనే, కమిషన్ ఆదేశాలలో నాలుగింటిని కొట్టివేసింది. ముందే ఎక్కించిన గూగుల్ అనువర్తనాలను వినియోగదారుడు తొలగించుకోవడాన్ని అడ్డుకోరాదన్న ఆదేశం ఆ నాలుగింటిలో ఒకటి. మిగిలిన తీర్పుపై గూగుల్ సుప్రీంకోర్టుకు వెళ్లింది. పోర్ట్ బ్లెయిర్ పేరు మాత్రం 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురంగా మారింది.