మగ్గం చక్రం నుంచి మా బావ తుంటి దాకా

ఈ ఎపిసోడ్ ఒక వాట్సాప్ ఫార్వర్డ్‌తో మొదలైంది.

మా బావ, అంటే అక్క భర్త, ఖమ్మంలో టైల్స్ మేస్త్రీ. వయసు 36. ఏడాదిగా కుంటుతున్నాడు. గజ్జల్లో నొప్పి అంటే ఒకరు నడుము అన్నారు, ఇంకొకరు నరం అన్నారు. చివరికి ఎంఆర్ఐ తీస్తే ఏవీఎన్ అని తేలింది. తొడ ఎముక పైకొసన బంతిలాంటి భాగం ఉంటుంది కదా, దానికి రక్తం అందక ఎముక లోపల చచ్చిపోవడం అన్నమాట. స్టెరాయిడ్లు ఎక్కువ వాడినా రావచ్చు, మందు బాగా తాగినా రావచ్చు, కొందరికి కారణమే దొరకదు. మన దేశంలో చిన్న వయసులో తుంటి మార్చుకునేవాళ్లలో చాలామందికి ఇదే కారణం. అందుకే ముసలివాళ్ల గొడవ కదా అని స్క్రోల్ చేసేయకండి.

ఆ ఫార్వర్డ్‌లో ఒక ఆసుపత్రి ప్రకటన. చిన్న కోత, కండ కొయ్యం, మర్నాడే ఇంటికి. మామూలు ఆపరేషన్ కంటే లక్ష పైచిలుకు ఎక్కువ. బావ ఫోన్ చేశాడు. "ఏరా, నువ్వు హిస్టరీ వీడియోలు చేస్తావుగా, ఇది నిజమేనా కాస్త చూడు. లక్ష అంటే మీ అక్క గాజులు తాకట్టు పెట్టాలి."

నేను డాక్టర్ని కాదు. కానీ పాత సంగతులు తవ్వడం వచ్చు. తవ్వాను.

తుంటి మార్చాలన్న ఆలోచన చాలా పాతది. 1890 ప్రాంతంలో బెర్లిన్‌లో గ్లుక్ అనే సర్జన్ ఏనుగు దంతంతో కీళ్లు చేయించి పెట్టాడు. 1923లో బోస్టన్‌లో స్మిత్-పీటర్సన్ గాజు గిన్నె బోర్లించి చూశాడు. గాజు కదా, పగిలింది. 1946లో పారిస్‌లో జూడె అన్నదమ్ములు అక్రిలిక్ బంతి పెట్టారు. మొదట్లో బాగానే పనిచేసేది, కొన్నాళ్లకు అరిగి, వదులైపోయేది.

ఇక్కడే మన కథానాయకుడు వస్తాడు. జాన్ చార్న్లీ, 1911లో ఇంగ్లండ్‌లోని లాంకషైర్‌లో పుట్టాడు. ఆయన దగ్గరికి ఇలాంటి అక్రిలిక్ తుంటి ఉన్న ఒక పేషెంట్ వచ్చాడు. కదిలితే చాలు, కిర్రుమని చప్పుడు. ఆ గోల భరించలేక భార్య గదిలోంచి లేచి వెళ్లిపోయేదట. మనమైతే నవ్వి ఊరుకుంటాం. చార్న్లీ మాత్రం పట్టుకున్నాడు: చప్పుడు వస్తోందంటే రాపిడి ఉంది, రాపిడి ఉంటే ఆ బంతి ఎముకని కుదిపి వదులు చేస్తుంది. మరి అస్సలు రాపిడి లేని వస్తువు ఏది?

టెఫ్లాన్. మన నాన్‌స్టిక్ పెనం మీద పూత. 1950ల చివర్లో విగన్ ఊరి దగ్గర రైటింగ్టన్ ఆసుపత్రిలో, ఒకప్పటి టీబీ ఆసుపత్రి అది, టెఫ్లాన్ గిన్నెలు పెట్టడం మొదలెట్టాడు. దాదాపు 300 మందికి పెట్టాడు. నొప్పితో మంచాన పడ్డవాళ్లు లేచి నడిచారు. అందరూ శభాష్ అన్నారు.

రెండు మూడేళ్లకు టెఫ్లాన్ అరగడం మొదలైంది. అరిగిన పొడి చుట్టూ జున్నులాంటి ముద్దలు పేరుకుని ఎముకని తినేశాయి. చాలామందికి ఆయనే మళ్లీ కోసి, తను పెట్టిందాన్ని తనే తీయాల్సి వచ్చింది. ఒక్కసారి ఆలోచించండి, మీ చేత్తో నడిపించిన మనిషి మళ్లీ కుంటుతూ మీ గదిలోకి వస్తుంటే ఎలా ఉంటుంది?

అక్కడితో వదిలేసి ఉంటే ఈ వీడియో లేదు. 1962లో ఒక సేల్స్‌మ్యాన్ ఆసుపత్రికి ఒక ప్లాస్టిక్ ముక్క తెచ్చాడు. లాంకషైర్ బట్టల మిల్లుల్లో మగ్గాల పళ్లచక్రాలకు వాడే పాలిథిలిన్ అది. చార్న్లీ గోటితో గీకి చూసి, పనికిరాదని పక్కన పడేశాడు. ఆయన వర్క్‌షాప్‌లో హ్యారీ క్రేవెన్ అనే టెక్నీషియన్ ఉండేవాడు. పెద్దాయన వద్దన్నా సరే, దాన్ని అరుగుదల మెషీన్‌కి ఎక్కించాడు. మూడు వారాలు రాత్రింబగళ్లు తిప్పినా, టెఫ్లాన్ ఒక్క రోజులో అరిగేంత కూడా అరగలేదు. నన్నడిగితే ఈ కథలో సగం పేరు క్రేవెన్‌కి రావాలి. కానీ 1977లో సర్ బిరుదు చార్న్లీకే వచ్చింది.

ఈసారి ఆయన తొందరపడలేదు. టెఫ్లాన్ ముక్కలు, పాలిథిలిన్ ముక్కలు తన తొడలోనే పెట్టించుకున్నాడు. టెఫ్లాన్ ఉన్నచోట గడ్డలు లేచాయి, పాలిథిలిన్ ఉన్నచోట ఏమీ కాలేదు. 1962 నవంబర్‌లో మొదటి పాలిథిలిన్ గిన్నె పేషెంట్‌కి పెట్టాడు. దాన్ని ఎముకకి పట్టి ఉంచింది పళ్ల డాక్టర్లు వాడే అక్రిలిక్ సిమెంట్ జాతిదే. తర్వాత కొన్నేళ్లపాటు, రైటింగ్టన్‌కి వచ్చి నేర్చుకున్న సర్జన్లకి తప్ప ఇంకెవరికీ ఆ తుంటి అమ్మనివ్వలేదు. చనిపోయాక మీ తుంటి నాకు తిరిగివ్వండి, ఎంత అరిగిందో చూడాలి అని పేషెంట్లనే అడిగేవాడు. చాలామంది సరేనన్నారు కూడా.

ఇంకో పెద్ద సమస్య చీము. మొదట్లో వందకి ఏడుగురికో ఎనిమిది మందికో ఇన్ఫెక్షన్ వచ్చేది. ఆపరేషన్ బల్ల చుట్టూ అద్దాల గది కట్టి, వడకట్టిన గాలి పంపి, దాన్ని వందకి ఒకరి లోపుకి తెచ్చాడు.

మరి కోత? పెద్దదే. లోపల బాగా కనపడాలని తొడ ఎముక పక్కన ఉబ్బెత్తు భాగాన్ని రంపంతో కోసి, చివర్లో తీగతో కట్టేసేవాడు. పేషెంట్లు వారాల తరబడి మంచం మీదే ఉండేవాళ్లు. అయినా 2007లో లాన్సెట్ పత్రిక ఈ ఆపరేషన్‌ని శతాబ్దపు ఆపరేషన్ అంది.

ఇప్పుడు బావ ప్రశ్నకి వద్దాం. 2000 తర్వాత అమెరికాలో చిన్న కోత జోరు మొదలైంది. ఒకటి కాదు, రెండు బుల్లి కోతలు, అదే రోజు ఇల్లు. టీవీల్లో తెగ చూపించారు. బెల్‌ఫాస్ట్ డాక్టర్లు దీన్ని సరిగ్గా తూచారు: 219 మంది, కొందరికి 10 సెంటీమీటర్ల లోపు కోత, మిగతావాళ్లకి 16. ఎవరికి ఏది చేశారో పేషెంట్‌కి చెప్పలేదు. 2005లో ఫలితం వచ్చింది. నొప్పి, నడక, డిశ్చార్జి, దేంట్లోనూ చెప్పుకోదగ్గ తేడా లేదు. రెండు కోతల పద్ధతిని అమెరికాలోనే ఇంకో పరీక్షలో పోల్చి చూస్తే, కోలుకోవడం ఇంకా ఆలస్యమైంది.

కండ కొయ్యకుండా ముందువైపు నుంచి వెళ్లడం కొత్త కనుగోలు అనుకున్నా. కాదండి. హ్యూటర్ అనే జర్మన్ 1881లోనే ఆ దారి రాసి పెట్టాడు. మంచి దారే. మొదటి కొన్ని వారాలు కాస్త చురుగ్గా నడుస్తారు. ఏడాది తిరిగేసరికి అందరూ దాదాపు ఒక్కటే. కొందరికి తొడ పక్కన తిమ్మిరి మిగులుతుంది.

మరి మర్నాడే ఇంటికి ఎలా పంపుతున్నారు? దాని మూలం డెన్మార్క్‌లో, అదీ పేగుల ఆపరేషన్లలో ఉంది. హెన్రిక్ కెలెట్ అనే సర్జన్ 1990ల్లో ఆపరేషన్ తర్వాతి అలవాట్లన్నీ ఒక్కొక్కటిగా ప్రశ్నించాడు. ఈ ట్యూబు ఎందుకు? ఈ పస్తు ఎందుకు? మంచం మీద ఎందుకు? తర్వాత అదే పద్ధతి తుంటికీ వచ్చింది. వెన్నులో మత్తు, కీలు చుట్టూ నొప్పి తగ్గించే మందు, రక్తం పోకుండా ట్రానెక్సామిక్ యాసిడ్, ఆ సాయంత్రమే వాకర్. ఇవన్నీ ఏ కోతకైనా చేయొచ్చు.

ఇదంతా బావకి చెప్పాను. తను అంతా విని ఒక్కటే అడిగాడు. "ఇంతకీ గొంతుక్కూర్చుని ఫ్లోరింగ్ వేయగలనా?"

ఆ ఫార్వర్డ్‌లో లేనిది అదే. వేరే సర్జన్ దగ్గరికి వెళ్లి మొదట అదే అడిగాం. ఆయన దాచలేదు. మామూలు కోత, సాయంత్రమే నడిపిస్తాం, కానీ రోజంతా నేల మీద గొంతుక్కూర్చునే పని మానుకో అన్నాడు. ఎన్నేళ్లు వస్తుందన్నాం. 2019లో వచ్చిన ఒక పెద్ద లెక్క ప్రకారం వంద తుంట్లలో 58 దాకా 25 ఏళ్లు నిలిచాయి. బావకి 36, ఇంకోసారి చేయించాల్సి రావచ్చు. ఆ మాట విన్నాక ఆటోలో ఇద్దరం ఏం మాట్లాడుకోలేదు.

ఆపరేషన్ అయ్యింది. ఆ సాయంత్రమే వాకర్ పట్టుకుని వరండా చివరిదాకా వెళ్లొచ్చాడు, మూడో రోజు ఇల్లు. అక్క గాజులు చేతికే ఉన్నాయి. నాలుగో నెలలో మళ్లీ పనికి వెళ్లాడు. ఇప్పుడు నడుము ఎత్తు నుంచి పైన గోడ టైల్స్ బావవి, కింది వరసలు, ఫ్లోరింగు వాళ్ల తమ్ముడివి. కూలి సగం సగం. తమ్ముడు వేసిన జాయింట్లు వంకరని రోజూ గొడవే.