తెర మీద తెలుగు, లోపల ఇంకేదో

మా వైపు ఇరవై ఏళ్లపాటు శుభలేఖలు, పురుగుమందుల కరపత్రాలు, జిన్నింగు మిల్లుల బిల్లు పుస్తకాలు, మిర్చి కమీషన్ దుకాణాల లెటర్‌హెడ్లు అన్నీ పేజ్‌మేకర్, అనూ ఫాంట్ల మీదే నడిచాయి. సత్తెనపల్లి తాలూకా సెంటర్‌లో డీటీపీ షాపు పెట్టుకున్న నేను ఆ అన్నం తిన్నవాణ్ణే. కాగితం మీద ఆ తెలుగుకి వంక పెట్టడానికి లేదు. కంప్యూటర్ లోపల మాత్రం అది తెలుగు కాదు.

ఈ మాట ఇప్పటి పిల్లలకి చెబితే నమ్మరు. అనూలో 'క' అని కనిపించే చోట ఫైల్లో ఉండేది ఏ ఇంగ్లీషు గుర్తో, ఫ్రెంచివాళ్లు వాడే నెత్తిన చుక్కలున్న అక్షరమో. దానికి పైన తెలుగు ముసుగు వేసేది ఫాంటు. అప్పటి ఫాంటులో గడులు 256 మించి ఉండవు. హల్లులు, గుణింతాలు, ఒత్తులు అన్నీ కలిపితే అందులో ఎక్కడ పడతాయి? అందుకని అక్షరాన్ని ముక్కలు చేశారు. తలకట్టు ఒక ముక్క, గుడి ఒక ముక్క, కొమ్ము ఇంకోటి, ఒత్తులు విడిగా. అనూలోని 'యాపిల్' కీబోర్డు వరస వేళ్లకి పట్టిన ఆపరేటరు ముక్క పక్కన ముక్క పేర్చుకుంటూ నిమిషంలో పెళ్లిపత్రిక పైభాగం లాగించేసేవాడు. ట్రెడిల్ ప్రెస్సుల్లో సీసపు అక్షరాలు కూర్చిన పాత కంపోజిటర్లు కూడా ఒత్తు కోసం వేరే గడిలో చెయ్యి పెట్టినవాళ్లే కాబట్టి, ఈ పద్ధతి మాకెవరికీ వింతగా తోచలేదు. అచ్చు బాగా పడితే చాలు, ఫైల్లో ఏముందో ఎవడికి కావాలి?

కావలసిన రోజు వచ్చినప్పుడు తెలిసింది. ఫాంటు లేని కంప్యూటర్‌లో ఫైలు తెరిస్తే పెళ్లికూతురి పేరు చోట పిచ్చి గుర్తులు. పేజీల జాబితాలో ఒక ఊరి పేరు వెతికితే దొరకదు. పేర్లని అకారాది వరుసలో పెట్టమంటే మెషీను దాని ఇష్టం వచ్చిన వరుసలో పెట్టేది. దాని దృష్టిలో అక్కడ అకారాలూ లేవు, ఆకారాలూ లేవు.

తెలుగుని మెషీన్‌కి అర్థమయ్యేలా రాయాలన్న పట్టుదల మా షాపుల్లో పుట్టలేదు. హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయంలో 1990ల మొదట్లో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో రాసే ఒక కట్టుబాటు తయారుచేశారు. దాన్నే ఆర్‌టీఎస్ అన్నారు. చిన్న ఎన్ కొడితే న, పెద్ద ఎన్ కొడితే ణ. చూడ్డానికి వికారంగా ఉండేదనుకోండి. అయినా అందులో రాసింది అక్షరాన్ని, దాని బొమ్మని కాదు. వెతికితే దొరికేది, ఏ కంప్యూటర్‌కి పంపినా చెడేది కాదు. అందంగా ఉన్న మా అనూ ఫైళ్లకి లేని గుణం అదొక్కటే, కానీ అసలు గుణం అదే.

అదే కాలంలో ఇంకో పని జరిగిపోయింది. భారతీయ ప్రమాణాల సంస్థ 1991లో భారతీయ లిపుల అక్షరాలకి సంకేతాలిచ్చే ఇస్కీని ప్రమాణంగా తీసుకుంది. అదే ఏడాది అక్టోబరులో, ప్రపంచ లిపులకి అదే పని చేసే యూనికోడ్ మొదటి వెర్షన్ వచ్చింది. ఇస్కీ 1988 ముసాయిదా వరసనే ఆధారం చేసుకుని యూనికోడ్‌లో తెలుగుకి 128 స్థానాలు కేటాయించారు. 'క' కి 0సి15. అది ఏ ఫాంటులో చూసినా, ఏ దేశంలో చూసినా 'క'నే. 'స్త్రీ' అంటే స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘపు గుడి, ఈ వరుసలో ఆరు సంకేతాలు. వాటిని ఒకదాని కింద ఒకటి చేర్చి బొమ్మ కట్టే పని ఫాంటుది, ఆపరేటింగ్ సిస్టమ్‌ది. రాసేవాడు పలికే క్రమంలో రాస్తే చాలు. కంపోజిటర్ బుర్రలో ఉండే తెలివిని మెషీన్‌కి అప్పజెప్పారు.

నియమం 1991లో వచ్చినా మా ఊరి దాకా రావడానికి పదిహేనేళ్లు పట్టింది. ఆ మధ్యలో పత్రికలన్నీ వెబ్‌కి ఎక్కేశాయి, మా దారిలోనే. 1997లో వచ్చిన ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 4, నెట్‌స్కేప్ 4 పేజీతో పాటు ఫాంటుని కూడా దించుకునే సౌకర్యం ఇచ్చాయి, అదీ ఒకదానితో ఒకటి పొసగని పద్ధతుల్లో. దాంతో ఈనాడుకి ఈనాడు ఫాంటు, వార్తకి వార్త ఫాంటు. ఎవరి తెలుగు వారిదే. బ్రౌజరు మారిస్తే పేజీ నిండా గుర్తుల వాన. ఒక పత్రికలోని వార్త ఇంకో చోటికి కాపీ చేస్తే మళ్లీ గుర్తులే. సెర్చ్ ఇంజిన్‌కి ఆ పేజీల్లో తెలుగు ఉన్నట్టు కూడా తెలియదు. ఆ గుర్తుల్ని చదువుతున్నప్పుడే యూనికోడ్‌లోకి మార్చి చూపించేలా ఫైర్‌ఫాక్స్‌కి 'పద్మ' అనే పొడిగింపు రాశాడు వెన్న నాగార్జున. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాని మొదలుపెట్టిందీ ఆయనే.

2001లో విండోస్ ఎక్స్‌పీ గౌతమి ఫాంటుతో వచ్చింది. అయినా మా దగ్గర దాంట్లో తెలుగు కనిపించేది కాదు. కంట్రోల్ ప్యానెల్‌లో రీజినల్ సెట్టింగ్స్‌కి వెళ్లి ఒక టిక్కు పెట్టాలి, అప్పుడది ఎక్స్‌పీ సీడీ అడుగుతుంది. ఊళ్లో సగం మెషీన్లకి ఆ సీడీ ఎక్కడుందో ఎవరికీ తెలియదు. మా షాపులో ఒకే సీడీ, దాని మీద మార్కర్‌తో 'తెలుగు' అని రాసిపెట్టి, దాన్నే పేట పేటకి తిప్పాం. తరవాత తిరుమల కృష్ణ దేశికాచార్యులు చేసిన పోతన, వేమన ఫాంట్లు వచ్చాయి. వీవెన్ చేసిన లేఖిని వచ్చాక కీబోర్డు నేర్చుకోనివాడు కూడా ఇంగ్లీషు అక్షరాలు కొట్టి యూనికోడ్ తెలుగు రాయగలిగాడు. ఆర్‌టీఎస్ మళ్లీ బతికింది, ఈసారి ముసుగులో. మా ఆపరేటర్లు దాన్ని చూసి నవ్వారు. యాపిల్ కీబోర్డు వేగం ముందు అదొక లెక్కా అన్నారు. వేగం సంగతిలో వాళ్లన్నది నిజమే.

అక్షరం కుదిరింది, పేజీ కుదరలేదు. ఈ రెండో భాగం గురించి మా వృత్తివాళ్లు మాట్లాడగా నేను వినలేదు.

డీటీపీ వాడికి శీర్షిక అంటే లావుగా, పెద్దగా, ఎర్రగా ఉండే వరస. మిర్చి విత్తనాల కరపత్రంలో అలాగే పెడతాం. వెబ్ పేజీలు చేసిపెట్టమని మిల్లులవాళ్లు, ప్రైవేటు స్కూళ్లవాళ్లు అడిగినప్పుడు మా బజారులో అందరూ అదే చేశారు. సైజు 36, బోల్డ్, రంగు. పేజీని గడులుగా విడగొట్టడానికి టేబుల్ లోపల టేబుల్. నిజానికి టిమ్ బెర్నర్స్ లీ తొలి హెచ్‌టీఎంఎల్‌లోనే హెచ్1 నుంచి హెచ్6 దాకా శీర్షికలున్నాయి. ఇది శీర్షిక, ఇది దాని కింది ఉపశీర్షిక అని పేజీకి లోపలే చెప్పే గుర్తులవి. అందం చూసుకోవడానికి 1996 డిసెంబరులో సీఎస్‌ఎస్ మొదటి వెర్షన్ విడిగా వచ్చింది. 1997 డిసెంబరు నాటి హెచ్‌టీఎంఎల్ 4 లో పేజీ ఏ భాషదో చెప్పే 'లాంగ్' ఉంది, తెలుగుకి 'టీఈ'. రెండక్షరాలు. కంటికి ఏమీ కనిపించదు కాబట్టి ఎవరూ పెట్టేవారు కాదు.

అది ఎవరికి పనికొస్తుందో నాకు చెప్పింది ముప్పాళ్ల వైపు నుంచి వచ్చే ఒక కుర్రాడు. చూపు లేదు, డిగ్రీ చదివాడు, ల్యాప్‌టాప్‌లో ఎన్‌వీడీఏ పెట్టుకున్నాడు. 2006లో మైకేల్ కరన్ అనే ఆస్ట్రేలియా యువకుడు మొదలుపెట్టిన ఉచిత సాఫ్ట్‌వేర్ అది. కరన్‌కీ చూపు లేదు. ఆ సాఫ్ట్‌వేర్ తెర మీది రాతని గొంతుతో చదువుతుంది, దాంతో వచ్చే ఈస్పీక్‌కి తెలుగూ వచ్చు. కుర్రాడు ఒక ఉద్యోగ ప్రకటన తెచ్చాడు. ఆఫీసువాళ్లు కాగితాన్ని స్కాన్ చేసి పీడీఎఫ్‌గా పెట్టారు.

"అన్నా, నాకిది ఖాళీ పేజీ. ఒక్క ముక్క కూడా పలకట్లేదు. నువ్వే చదువు."

"అచ్చు ఎంత బాగుందో తెలుసా తమ్ముడూ," అన్నాను, అలవాటుగా.

"నీకు బాగుంది," అన్నాడు.

తరవాత వాడే కూర్చుని చూపించాడు, వినిపించాడనాలి. శీర్షికలు సరిగా పెట్టిన పేజీలో హెచ్ మీట నొక్కుతూ ఒక శీర్షిక నుంచి ఇంకో శీర్షికకి దూకుతున్నాడు, మనం పేపరు పైపైన చూసినట్టే. లావు అక్షరాల 'శీర్షిక' దగ్గర ఆ మీటకి దూకడానికి ఏమీ లేదు. మొదటి నుంచి చివరి దాకా అంతా వినాల్సిందే. 'లాంగ్' లేని తెలుగు పేజీలో ఇంగ్లీషు గొంతు తడబడుతుంది. గుంటూరు మిర్చి యార్డు ధరల పట్టిక ఒకటి తీశాడు. తేజ, బాడిగ, 334 రకాలు, పక్కన కనిష్ఠం, గరిష్ఠం. ఏ వరస దేనిదో, ఏ నిలువు దేనిదో టీహెచ్ అనే గుర్తుతో చెప్పి ఉంటే, అంకె దగ్గరికి వెళ్లగానే 'గరిష్ఠం' అని పలికి ఆ తరవాత అంకె పలుకుతుంది. లేకపోతే ఒట్టి అంకెల వాన. ఏది తేజ, ఏది తాలు?

ఇవన్నీ ఎవరి దయాదాక్షిణ్యాల మీదో ఆధారపడినవి కావు. వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ 1999 మేలోనే అందరికీ అందే పేజీల మార్గదర్శకాలు ప్రకటించింది. 2008 డిసెంబరులో వచ్చిన రెండో వెర్షన్‌లో పేజీ భాష చెప్పడం కనీస స్థాయి షరతు. రాతకి బదులు రాత బొమ్మ పెట్టకూడదన్నది ఆ పై మెట్టు. 2009లో మన నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్ ప్రభుత్వ సైట్లకి ఇవే ఆధారంగా నియమాలు రాసింది. 2016లో దివ్యాంగుల హక్కుల చట్టం వచ్చింది. 2024 నవంబరు 8న రాజీవ్ రతూరీ కేసులో సుప్రీంకోర్టు, ఆ చట్టం కింద ఈ విషయంలో సలహాల్లా ఉన్న నియమం చెల్లదని, తప్పనిసరి ప్రమాణాలు రాయమని చెప్పింది. 2025 ఏప్రిల్ 30న ప్రజ్ఞా ప్రసూన్ కేసులో డిజిటల్ సేవలు అందడం 21వ అధికరణం కింది జీవించే హక్కులో భాగమని తేల్చింది. కోర్టు ఇన్ని మాటలన్నాక కూడా మా ఫోన్లలోకి పొద్దున్నే వచ్చే యార్డు రేట్లు జేపీజీ బొమ్మలే. పైన వినాయకుడు, కింద కమీషన్ కొట్టు నంబరు, మధ్యలో అంకెలు. వాటిని చత్వారం ఉన్న రైతు కూడా సాగదీసి చదువుకోవాల్సిందే.

యూనికోడ్ వచ్చినంత మాత్రాన అంతా సాఫీ అనుకోకండి. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' ని ఒక కనిపించని గుర్తు చేర్చి పంపితే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి. ఆపిల్ సంస్థ ఆ నెల 19న 11.2.6 వెర్షన్ విడుదల చేసి సరిదిద్దింది. ప్రపంచం నోట తెలుగక్షరం అన్ని రోజులు నానడం అదే మొదటిసారి అనుకుంటా. మన అక్షరం కట్టడం ఎంత కష్టమో కాలిఫోర్నియా ఇంజినీర్లకీ తెలిసొచ్చిందని మా ఆపరేటర్లు తెగ సంబరపడ్డారు.

ఇప్పుడు షాపులో ఎక్కువగా వచ్చే పని పాత అనూ ఫైళ్లని యూనికోడ్‌లోకి మార్చడం. గుడి చరిత్రలు, స్కూలు రజతోత్సవ సంచికలు, తాతగారు రాసిన పద్యాలు. మార్చే సాఫ్ట్‌వేర్లున్నాయి గానీ, ఒత్తుల దగ్గర, అరసున్నల దగ్గర తప్పులు పోతాయి, ప్రతి పేజీ మనిషి చదవాల్సిందే. చదివే పనిలో సగం ముప్పాళ్ల కుర్రాడికే ఇస్తున్నాను. ఎన్‌వీడీఏలో వేగం తగ్గించి వింటాడు. తప్పుగా తగిలిన ఒత్తు చెవికి ఇట్టే దొరుకుతుంది. పేజీకి రేటు నా కంటే అతనే ఎక్కువ అడుగుతున్నాడు, ఇస్తున్నాను.