కిల్వా: ఒక యాత్రికుడు చూసిన స్వాహిలీ రేవు పట్టణం

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
- కిల్వా రేవు ఎదుగుదలకు రుతుపవనాలు ఎలా తోడ్పడ్డాయో వివరించగలుగుతారు.
- ఇబన్ బటూటా రచనను చారిత్రక ఆకరంగా పరిశీలించగలుగుతారు.
- కిల్వాను ఎవరు నిర్మించారనే ప్రశ్నపై వివిధ ఆధారాలను పోల్చగలుగుతారు.

1. ఉపోద్ఘాతం

సోమాలియా దక్షిణ భాగం నుంచి మొజాంబిక్ ఉత్తర భాగం వరకు ఉన్న ఆఫ్రికా తూర్పు తీరాన్ని స్వాహిలీ తీరం అంటారు. అరబిక్ భాషలో 'సవాహిల్' అంటే తీరాలు. ఇక్కడి ప్రజల భాష స్వాహిలీ. అది బంటూ కుటుంబానికి చెందిన ఆఫ్రికా భాష. సముద్ర వ్యాపారం వల్ల అందులో అరబిక్ మాటలు విస్తారంగా చేరాయి. మనం కలం, వకీలు, దుకాణం అనే మాటలను స్వాహిలీ ప్రజలు కలము, వకీలి, దుకా అంటారు. హిందూ మహాసముద్రపు రెండు ఒడ్డులకూ ఈ మాటలు ఒకే అరబిక్ మూలం నుంచి చేరాయి.

ఈ తీరంలోని మొగదిషు, మొంబాసా, కిల్వా వంటి పట్టణాలు దేనికదే స్వతంత్ర నగర రాజ్యం. వీటిలో 14వ శతాబ్దంలో అత్యంత సంపన్నమైనది కిల్వా. నేటి టాంజానియాలో, దార్ ఎస్ సలామ్‌కు దక్షిణంగా సుమారు 300 కిలోమీటర్ల దూరంలో, తీరానికి దగ్గరగా ఉన్న చిన్న దీవి ఇది.

2. గాలి నిర్ణయించిన రేవు

నవంబరు నుంచి మార్చి వరకు ఈశాన్య రుతుపవనాలు అరేబియా, గుజరాత్ తీరాల నుంచి నౌకలను ఆఫ్రికా వైపు నడిపిస్తాయి. ఏప్రిల్ తరువాత వీచే నైరుతి రుతుపవనాలు వాటిని తిరిగి తీసుకువస్తాయి. ఒకే రుతువులో వెళ్ళి, సరుకు అమ్ముకుని, తిరుగు గాలిని అందుకోవాలంటే వ్యాపారి ఎంత దూరం పోగలడు? దాదాపు కిల్వా వరకే. దక్షిణాన ఉన్న సొఫాలా రేవుకు పోతే అదే ఏడాది తిరిగి రావడం కష్టం.

అయితే బంగారం వచ్చేది సొఫాలా నుంచే. జింబాబ్వే పీఠభూమిలో తీసిన బంగారం సొఫాలా చేరేది. అక్కడి నుంచి కిల్వా వ్యాపారులు తమ పడవలలో దానిని తమ రేవుకు తెచ్చేవారు. దూరదేశపు నౌకలు నూలు వస్త్రాలు, గాజు పూసలు, చైనా పింగాణీ తెచ్చి, బంగారం, ఏనుగు దంతాలు తీసుకుపోయేవి. గాలి ఆగిపోయే చోట ఉండి, బంగారం వచ్చే దారిని అదుపులో పెట్టుకోవడమే కిల్వా సంపదకు మూలం. కిల్వా సుల్తానులు తమ పేర్లతో రాగి నాణేలు కూడా ముద్రించారు. అల్-హసన్ బిన్ సులేమాన్ నాణెం ఒకటి లోతట్టు ప్రాంతంలోని గ్రేట్ జింబాబ్వేలో దొరికింది.

3. యాత్రికుడి సాక్ష్యం

మొరాకోకు చెందిన ఇబన్ బటూటా 1331లో ఈ తీరానికి వచ్చాడు. మొగదిషు నుంచి బయలుదేరి, మొంబాసాలో ఒక రాత్రి గడిపి కిల్వా చేరాడు. మొంబాసాలో అరటి, నిమ్మ జాతి పండ్లు సమృద్ధిగా ఉన్నాయనీ, ధాన్యం మాత్రం బయటి నుంచి తెచ్చుకుంటారనీ రాశాడు. మసీదు ద్వారాల వద్ద బావులు ఉంటాయి. చెప్పులు లేకుండా నడిచే ప్రజలు ఆ నీటితో కాళ్ళు కడుక్కుని లోపలికి వెళతారు. ఈ చిన్న వివరాలు రాజుల చరిత్రలలో దొరకవు. యాత్రికుల రచనలకు ఉన్న ప్రత్యేక విలువ ఇదే.

కిల్వాను అతడు అతి సుందరమైన, చక్కగా కట్టిన నగరాలలో ఒకటిగా మెచ్చుకున్నాడు. అప్పటి సుల్తాను అల్-హసన్ బిన్ సులేమాన్ దానశీలి. అందుకే ప్రజలు అతనిని 'అబూ అల్-మవాహిబ్', అంటే కానుకల తండ్రి అని పిలిచేవారు. ఒక రోజు యెమెన్ నుంచి వచ్చిన ఫకీరు ఒకడు సుల్తాను ఒంటిమీది బట్టలు అడిగాడు. సుల్తాను వెంటనే వేరే బట్టలు కట్టుకుని అవి ఇచ్చేశాడు. తరువాత రాకుమారుడు ఆ బట్టలను తిరిగి తీసుకుని, బదులుగా పదిమంది బానిసలను ఇచ్చాడు. సుల్తాను మరో పదిమంది బానిసలను, రెండు మోపుల ఏనుగు దంతాలను ఇప్పించాడు.

ఈ కథను యాత్రికుడు దానగుణానికి ఉదాహరణగా చెప్పాడు. చరిత్ర విద్యార్థి అక్కడితో ఆగకూడదు. ఆ ఇరవైమంది ఎవరు? ఎక్కడి నుంచి వచ్చారు? సమాధానంలో కొంత భాగం ఇబన్ బటూటాయే అందించాడు. సుల్తాను తరచుగా ప్రధాన భూభాగంలోని 'జంజ్' ప్రజలపై దాడులు చేసేవాడనీ, కొల్లగొట్టిన దానిలో అయిదో వంతును మత నియమం ప్రకారం వేరుగా ఉంచేవాడనీ అతడు నమోదు చేశాడు. ఈ రెండు వాక్యాలను పక్కపక్కన పెట్టి చదివితే సుల్తాను ఔదార్యానికి వెల చెల్లించింది ఎవరో తెలుస్తుంది. వారి పేర్లు మాత్రం ఏ గ్రంథంలోనూ లేవు.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – 1
కిల్వా వ్యాపార మధ్యవర్తిగా ఎదగడానికి రెండు కారణాలు రాయండి.

4. కొయ్య నగరమా, రాతి నగరమా?

కిల్వాలోని కట్టడాలు కొయ్యతో కట్టినవనీ, కప్పులు రెల్లువంటి గడ్డితో వేసినవనీ ఇబన్ బటూటా గ్రంథం చెబుతుంది. పురావస్తు ఆధారాలు వేరొక చిత్రాన్ని చూపుతున్నాయి. 1950ల చివర, 1960లలో నెవిల్ చిట్టిక్ ఇక్కడ తవ్వకాలు జరిపాడు. మహా మసీదు మొదటి భాగాన్ని యాత్రికుడి రాకకు చాలా ముందే పగడపు రాతితో కట్టారు. అల్-హసన్ బిన్ సులేమాన్ కాలంలోనే ఊరికి దూరంగా, సముద్రంపైకి చూసే కొండచరియ మీద హుసుని కుబ్వా అనే ప్రాసాదం లేచింది. అందులో వందకు పైగా గదులు, ఎనిమిది మూలల కొలను ఉన్నాయి. ఆ నిర్మాణం పూర్తి కాలేదు.

పగడపు రాతిని సముద్రం నుంచి తీసినప్పుడు మెత్తగా ఉంటుంది కనుక చెక్కడం తేలిక. గాలి తగిలాక గట్టిపడుతుంది. అదే పగడాన్ని కాల్చి సున్నం చేసేవారు. కప్పులకు మడ చెట్ల దూలాలు వాడేవారు. దూలం పొడవుకు మించి గది వెడల్పు ఉండదు కనుక ఇక్కడి ఇళ్ళలో గదులు ఇరుకుగా, పొడవుగా ఉంటాయి.

మరి యాత్రికుడు కొయ్య అని ఎందుకన్నాడు? అతని ప్రయాణాలను ఇబన్ జుజై 1355లో గ్రంథస్థం చేశాడు. అంటే కిల్వాను చూసిన ఇరవై నాలుగేళ్ళ తరువాత. జ్ఞాపకంలో ఒక ఊరి వివరం మరో ఊరికి చేరి ఉండవచ్చు. పైగా సంపన్నుల ఇళ్ళు రాతివైనా సామాన్యులు కర్రలు, మట్టి, ఆకులతో కట్టిన ఇళ్ళలోనే జీవించారు. కాబట్టి ఆకరాన్ని పూర్తిగా నమ్మడమూ, పూర్తిగా తోసిపుచ్చడమూ రెండూ పొరపాటే.

5. కిల్వాను ఎవరు కట్టారు?

16వ శతాబ్దపు కిల్వా వృత్తాంతం ప్రకారం పర్షియాలోని షిరాజ్ నుంచి వచ్చిన రాకుమారుడు ఈ దీవిని స్థానిక పాలకుని నుంచి కొన్నాడు. దీవిని చుట్టి రాగలిగినంత వస్త్రం దాని వెల. వలస పాలన కాలపు రచయితలు ఇటువంటి కథల ఆధారంగా స్వాహిలీ నగరాలను విదేశీయుల సృష్టిగా భావించారు. ఆఫ్రికన్లు నగరాలు కట్టలేరనే అభిప్రాయం దీని వెనుక ఉంది.

తవ్వకాలు ఈ వాదాన్ని సడలించాయి. షిరాజీ రాజుల కాలానికి సుమారు రెండు శతాబ్దాల ముందే అక్కడ మట్టి ఇళ్ళు, స్థానిక కుండలు, ఇనుప పని ఉన్నాయి. 2023లో ప్రచురితమైన ప్రాచీన డి.ఎన్.ఏ. అధ్యయనం మరో కోణం చూపింది. స్వాహిలీ పట్టణాలలో సమాధి అయిన అనేకుల వంశంలో ఆఫ్రికా పాలు ఎక్కువగా స్త్రీల వైపు నుంచి, పర్షియా పాలు ఎక్కువగా పురుషుల వైపు నుంచి వచ్చింది. ఈ కలయిక క్రీ.శ. 1000 ప్రాంతంలోనే మొదలయింది. అంటే షిరాజీ కథలో కొంత నిజం ఉంది. అయితే భాష ఆఫ్రికాది, ఊరి పునాది ఆఫ్రికాది. వచ్చినవారు ఉన్నవారిలో కలిశారు.

6. క్షీణత

1502లో వాస్కోడగామా ఫిరంగుల బెదిరింపుతో కిల్వా నుంచి కప్పం వసూలు చేశాడు. ఆ బంగారంతో 1506లో తయారైన ఆరాధనా పాత్ర నేటికీ లిస్బన్ మ్యూజియంలో ఉంది. 1505లో అల్మైడా నగరాన్ని కొల్లగొట్టి కోట కట్టాడు. పదేళ్ళు గడవకముందే పోర్చుగీసువారు దానిని ఖాళీ చేశారు. కానీ బంగారు వ్యాపారం చేజారింది. 18వ శతాబ్దంలో రేవు మళ్ళీ కోలుకున్నది బానిస వ్యాపారంతో. 1776లో ఒక ఫ్రెంచి వ్యాపారి ఏటా వెయ్యిమంది బానిసల కోసం సుల్తానుతో ఒప్పందం చేసుకున్నాడు. 1331లో కానుకగా కనిపించిన మనుషులే ఇప్పుడు ప్రధాన సరుకయ్యారు.

యునెస్కో 1981లో కిల్వా శిథిలాలను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ప్రమాదంలో ఉన్న స్థలాల జాబితాలో 2004లో చేరి, పరిరక్షణ తరువాత 2014లో బయటపడ్డాయి.

7. సారాంశం

కిల్వా సంపదకు గాలి, బంగారం, మధ్యవర్తిత్వం కారణాలు. ఇబన్ బటూటా ఆ వైభవాన్ని కళ్ళారా చూశాడు. ఇదే యాత్రికుడు తరువాత ఢిల్లీ చేరి, మహమ్మద్ బిన్ తుగ్లక్ వద్ద ఖాజీగా పనిచేశాడు. 1323లో ఓరుగల్లును జయించిన ఉలుగ్ ఖాన్ ఇతడే. రాజుల ఆదరణ పొందిన సాక్షి రాజులను ఎలా వర్ణిస్తాడో రెండు చోట్లా గమనించాలి. యాత్రికుడు చెప్పినదాన్ని నేలలో దొరికినదానితో పోల్చి, చెప్పకుండా వదిలినవారిని గుర్తించినప్పుడే చరిత్ర సమగ్రమవుతుంది.

8. నమూనా పరీక్ష ప్రశ్నలు

I. ఈ ప్రశ్నలకు సుమారు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. కిల్వా ఎదుగుదల, క్షీణతలకు కారణాలను వివరించండి.
2. యాత్రికుల రచనలు చారిత్రక ఆకరాలుగా ఎంతవరకు నమ్మదగినవి? కిల్వా ఆధారంగా చర్చించండి.

II. ఈ ప్రశ్నలకు సుమారు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. హుసుని కుబ్వా
2. షిరాజీ మూలాల వాదం