శిక్షణకు తగిన జాగిలము: జాతి యెంపిక చరిత్ర

మన భాషలో కుక్కను గూర్చిన సామెతలు కొల్లలుగా నున్నవి. వానిలో తోక వంకరను గూర్చిన సామెత నెరుగని తెలుగువాడు లేడు. పుట్టుకతో వచ్చిన గుణము ఎంత శ్రమించినను మారదని దాని భావము. గడచిన నూట యేబది యేండ్ల శునకశిక్షణ చరిత్రను పరిశీలించినచో ఈ సామెత సగము మాత్రమే నిజమని తేలుచున్నది. కుక్క నేర్వలేనిది కాదు. అయితే తన పూర్వులు ఏ పనికై పెంపబడినవో, ఆ పనికి చేరువగానున్న విద్యను అది సులభముగా నేర్చును. దానికి దూరమైన విద్యను కష్టముతో నేర్చును. ఈ సంగతి విస్మరించి జాతి నెంచుకొనువారు తాము శ్రమపడుటయే గాక నోరులేని ప్రాణిని గూడ శ్రమపెట్టుచున్నారు.

ఈ విషయమును సంఘ సంచికలో వ్రాయుటకు మాకు రెండు కారణములు గలవు. మొదటిది: మన యిండ్లలోని యువకులు నేడు ఉత్సాహముతో కుక్కలను పెంచి, క్రమశిక్షణ నేర్పి, పదిమంది యెదుట ప్రదర్శింపగోరుచున్నారు. రెండవది: తెలుగువారు తరతరములుగా స్థిరపడిన దక్షిణ తమిళనాడు, ఉత్తర కర్ణాటకము, మహారాష్ట్రము లందే మన దేశపు ప్రసిద్ధములైన జాగిలములు కొన్ని పుట్టి పెరిగినవి. మన యింటి ముంగిటనున్న సంపదను మనమే గుర్తింపకుండుట న్యాయము కాదు.

విధేయతా శిక్షణ యనగా యజమానుని ప్రక్కన నడచుట, చెప్పగనే కూర్చుండుట, పరుండుట, కదలక నిలుచుట, పిలిచిన వెంటనే వచ్చుట, విసరిన వస్తువును తెచ్చి యిచ్చుట మున్నగునవి. ఈ విద్యలనే జనసమూహము నడుమ, మేళతాళముల ధ్వనులకు బెదరక చేసి చూపుట ప్రదర్శనము. వీనిలో ప్రతి విద్యకును పురాతనమైన పని యొకటి మూలమై యున్నది.

1873వ సంవత్సరము అక్టోబరు 9వ తేదీన వేల్సు దేశమందలి బాలా అను ఊరిలో గొఱ్ఱెల కాపరి కుక్కలకు పోటీ జరిగెను. బ్రిటిషు దీవులలో క్రమముగా నడపబడిన తొలి పోటీగా దానిని పేర్కొందురు. స్కాట్లాండునకు చెందిన జేమ్సు థామ్సను తన ట్వీడ్ అను కుక్కతో అందు గెలిచెను. కాపరి దూరమున నిలిచి ఈల వేయును. కుక్క ఆ సంకేతము ననుసరించి మందను మలపును. కాపరి మాటకై చెవి యొగ్గు కుక్కలనే యెంచి పిల్లలు తీయించుటచే బోర్డరు కోలీ అను జాతి రూపొందెను. ఆజ్ఞకై ఎదురుచూచుట ఆ జాతికి వంశపారంపర్యముగా వచ్చిన వృత్తి.

జర్మను దేశమున మాక్సు ఫాన్ స్టెఫానిట్జు అను మాజీ సైనికాధికారి 1899లో ఒక ప్రదర్శనమున నొక కాపరి కుక్కను కొని, దానికి హొరాండు అని పేరిడి, ఆ సంవత్సరముననే జర్మను కాపరి కుక్కల సంఘమును స్థాపించెను. అందముకంటె పనితనము ముఖ్యమని అతని సిద్ధాంతము. గొఱ్ఱెల మందలు తగ్గుచున్న కాలమున ఈ కుక్కలకు పోలీసు, సైనిక శాఖలలో క్రొత్త పని చూపించినవాడును అతడే. 1910లో పోలీసు శాఖకు చెందిన కాన్రాడు మోస్టు శిక్షణ గ్రంథమును ప్రకటించెను. మొదటి ప్రపంచయుద్ధమున చూపు పోగొట్టుకొనిన సైనికులకై 1916లో ఓల్డెన్‌బర్గు నగరమున మార్గదర్శక శునకముల పాఠశాల వెలసెను. మంద చుట్టు తిరిగి కాచిన కుక్క అంధుని ప్రక్కన నడచి కాచుట దూరపు మార్పు కాదు. కావుననే ఆ యెంపిక ఫలించినది.

ప్రదర్శన చరిత్రలో మిక్కిలి వినోదకరమైన ఘట్టము అమెరికాలో జరిగెను. హెలెన్ వైట్‌హౌస్ వాకర్ అను వనిత పూడిలు జాతి కుక్కలను పెంచుచుండెను. వింతగా కత్తిరించిన వెండ్రుకలను చూచి జనులు వానిని సింగారపు బొమ్మలని పరిహసించుచుండిరి. ఆమె వాదులాటకు దిగలేదు. ఇంగ్లండులోని పద్ధతుల ననుసరించి, 1933 అక్టోబరులో న్యూయార్కు రాష్ట్రమందలి మౌంట్ కిస్కో వద్ద అన్ని జాతులకును కలిపి విధేయతా పరీక్షను నడపెను. అందు పాల్గొన్నవి 8 కుక్కలు మాత్రమే. 1936లో అమెరికన్ కెన్నెల్ క్లబ్బు ఆ పరీక్షలను అంగీకరించెను. 1937లో ఆమెయు, బ్లాంచి సాండర్సు అను శిక్షకురాలును మూడు పూడిళ్ళను బండిలో నెక్కించుకొని దాదాపు 10,000 మైళ్ళు తిరిగి, ఊరూర ప్రదర్శనము లిచ్చిరి. పరిహాసము ఆశ్చర్యముగా మారెను. అయితే ఇందు మాయ లేదు. పూడిలు మొదట నీటిలో పడిన వేట పక్షులను తెచ్చి యిచ్చు కుక్క. తెచ్చి యిచ్చుట, వేటగాని ముఖము వంక చూచుట దాని కులవిద్య. పై సింగారమును చూచినవారు పొరబడిరి. పని యెరిగిన వనిత గెలిచినది.

ఈ సత్యమునకు శాస్త్రప్రమాణము 1961లో లభించెను. కెల్లర్ బ్రెలాండు, మేరియన్ బ్రెలాండు అను దంపతులు అనేక జంతువులకు శిక్షణ మిచ్చి ప్రదర్శనములు నడపినవారు. వారు ఒక పందికి కొయ్య నాణెములను తెచ్చి డబ్బీలో వేయుట నేర్పిరి. మొదట చక్కగా చేసిన పంది కొన్ని వారములకు నాణెమును దారిలో జారవిడిచి ముట్టెతో నేలను త్రవ్వనారంభించెను. నేర్పిన విద్య మెల్లగా పుట్టుగుణము వైపు జారునని వారు వ్రాసిరి. ప్రదర్శనకై జాతి నెంచుకొనువారు ఈ మాటను మదిలో నుంచుకొనవలెను. ఆటస్థలమున జనుల కనులయెదుట కుక్క మరచునది నిన్న నేర్చిన పాఠము. జ్ఞప్తికి తెచ్చుకొనునది తాతల నాటి పని.

1994లో స్టాన్లీ కోరెన్ అను ఆచార్యుడు ఉత్తర అమెరికాలోని విధేయతా పోటీల న్యాయనిర్ణేతల యభిప్రాయములు సేకరించి, జాతులకు వరుస నేర్పరచెను. బోర్డరు కోలీ మొదటిది, పూడిలు రెండవది, జర్మను షెపర్డు మూడవది. అఫ్గాను హౌండు అన్నిటికంటె చివరిది. ఈ పట్టికను చూచి అఫ్గాను హౌండు వలె చూపుతో వేటాడు జాగిలములన్నియు మందమతులని తలచువారు కలరు. ఆ పట్టిక కొలిచినది ఆజ్ఞాపాలనమును మాత్రమేనని, పుట్టువిద్య, స్వయముగా ఉపాయము కనుగొను నేర్పు వేరని కోరెనే వివరించి యుండెను.

మేము మూడు దశాబ్దములకు పైగా కచ్చేరీలో గుమాస్తాగా పనిచేసినవారము. లెక్కలు వ్రాయుటలో నేర్పరియైన వానిని తిరుగుడు పనికి పంపి, వాడు చురుకుదనము లేనివాడని చిఠ్ఠాలో వ్రాసిన పై అధికారులను చూచితిమి. కుక్కల విషయమునను అదియే జరుగుచున్నది. కుందేలును తరుము జాగిలము యజమానునికి అర మైలు ముందు పరుగెత్తుచు, ఎటు మలుపు తిరుగవలెనో తానే నిర్ణయించుకొనవలెను. అచట ఆజ్ఞకై వెనుదిరిగి చూచినచో కుందేలు దక్కదు. స్వతంత్రబుద్ధికై వందల యేండ్లు పెంచి, నేడు దానినే మొండితనమనుట ధర్మమా?

ఇక మన జాగిలముల సంగతి. తమిళనాటి విరుదునగరు జిల్లాయందలి రాజపాలయము తెలుగు మాటలాడు రాజుల పట్టణము. విజయనగర, మధుర నాయకరాజుల కాలమున సేనలతో దక్షిణమునకు తరలివచ్చిన వారి సంతతి అచట నివసించుచున్నది. ఆ యూరి పేరనే వెలసిన జాగిలము పాలవంటి తెల్లని వన్నె, గులాబి రంగు ముక్కు కలిగి, 65 నుండి 75 సెంటీమీటర్ల యెత్తు పెరుగును. అడవిపందుల వేట, ఇంటి కావలి దాని పనులు. ఆ ప్రాంతముననే చిప్పిపారై, కన్ని అను సన్నని వేటజాగిలములును, పడమటి కనుమల వైపున కొంబై అను బలిష్ఠమైన జాతియు గలవు. ఆ సీమను పాలించిన పాలెగాండ్రలో పెక్కురు తెలుగు మాటలాడువారే.

కర్ణాటకమందలి బాగల్‌కోటె జిల్లాలో ముధోల్ సంస్థానాధిపతి మాలోజీరావు ఘోర్పడే ఆదరణచే ప్రసిద్ధికెక్కినది ముధోల్ జాగిలము. దీని బంధుకోటియే మహారాష్ట్రమున కారవాన్ జాగిలమని పిలువబడుచున్నది. 2005లో భారత తపాలా శాఖ రాజపాలయము, ముధోల్, రాంపూర్, హిమాలయ జాతుల చిత్రములతో తపాలాబిళ్ళలను వెలువరించెను. గౌరవము లభించెను గాని పని లభించలేదు. పోలీసు, సైనిక శాఖలు చిరకాలము జర్మను షెపర్డు, లాబ్రడారు వంటి విదేశీ జాతులనే వాడుచుండెను.

2016లో మీరట్‌లోని సైనిక శిక్షణ కేంద్రమునకు ముధోల్ పిల్లలను పంపుటతో మార్పు కనబడెను. సరిహద్దు భద్రతా దళమువారు గ్వాలియరు దాపుననున్న టేకన్‌పూర్ కేంద్రమున స్వదేశీ జాగిలములకు శిక్షణ మొసగిరి. 2024 సంవత్సరపు అఖిల భారత పోలీసు డ్యూటీ మీట్‌లో ఆ దళమునకు చెందిన రియా అను ముధోల్ ఆడజాగిలము 116 విదేశీ జాతి కుక్కలను మించి, జాడ తీయు విద్యలో ఉత్తమ బహుమానమును, మీట్ మొత్తమునకు ఉత్తమ శునకమను గౌరవమును పొందెను. 2025 అక్టోబరు 31న గుజరాతులోని ఏక్తానగరమున జరిగిన జాతీయ ఐక్యతా దినోత్సవ కవాతులో ముధోల్, రాంపూర్ జాగిలములు వేలాది జనుల యెదుట నడచినవి. మందమతులనిపించుకొనిన జాతులు ఇవియే. జాతి మారలేదు; పని యిచ్చినవారి దృష్టి మారినది.

అయినను జాతియే సర్వస్వమని మేము చెప్పము. 2022లో అమెరికా శాస్త్రజ్ఞులు 18,000కు మించిన కుక్కల వివరములను పరిశీలించి, ఒక్కొక్క కుక్క నడవడిలోని భేదములలో జాతివలన కలుగునవి 9 శాతము మాత్రమేనని తేల్చిరి. అయితే మనుష్యుని మాటకు స్పందించు గుణమున జాతి ప్రభావము ఇతర గుణములయందు కంటె హెచ్చుగా కనబడెనని గూడ వారు వ్రాసిరి. కావున జాతి దారి చూపును; నడువవలసినది ఆ కుక్కయే. తల్లిదండ్రుల స్వభావము చూచి, పిల్ల యొక్క ధైర్యము చూచి నిర్ణయించుకొనవలెను. మూడవ వారము మొదలు పండ్రెండవ వారము వరకు మనుష్యులను, శబ్దములను, సందడిని పరిచయము చేయుట ముఖ్యము. ఆ వయస్సున కొట్టములో కట్టివేసి, పెరిగిన పిదప వేదిక నెక్కించిన కుక్క బెదరక యేమి చేయును?

ఇక యెంపిక. విసరిన వస్తువును తెచ్చుట, పిల్లలతోను క్రొత్తవారితోను మెలగుట ప్రధానమైనచో లాబ్రడారు తగినది. నానావిధములైన ఆజ్ఞలను వరుసగా చూపవలెనన్నచో జర్మను షెపర్డు తగును. ముధోల్, చిప్పిపారై, కారవాన్ జాతులకు పరుగు, అడ్డుగోడల దూకుడు, దూరమునుండి పిలిచిన వచ్చుట వంటివి శోభ నిచ్చును. అవి కదలు వస్తువును చూచి దూకునవి గనుక కంచె గల స్థలమునందే విడువవలెను. పాఠములు చిన్నవిగా నుండవలెను; దండనము పనికిరాదు. రాజపాలయపు జాగిలము ఒక్క యజమానుని నమ్ముకొనునది. దానిని పదిమంది చేతులు మార్చక, పెంచినవాడే ప్రదర్శింపవలెను. ఈ తెల్లని జాతిలో పుట్టుచెవుడు తరచుగా కలదు గనుక కొనుటకు ముందే పశువైద్యునిచే వినికిడి పరీక్ష చేయింపవలెను. చెవిటి కుక్క చేసంజ్ఞలతో నేర్చుకొనగలదు. చెవుడని తెలియక ఆజ్ఞ వినలేదని కొట్టుటయే ఘోరము. మంచుసీమకు చెందిన హస్కీ వంటి జాతులను మన మైదానముల యెండలో పరుగెత్తించుట హింస. మోజు తీరిన పిదప అట్టివి వీథుల పాలగుట నేడు పట్టణములలో కనబడుచున్నది.

బరంపురము మొదలు యానాము, బళ్ళారి, షోలాపురము, మధుర వరకు స్థిరపడిన మన కుటుంబముల వారికి మా విన్నపమొక్కటి. పలుకని భాష క్షీణించునని మనకు వేరుగా చెప్పనక్కరలేదు. పరాయి నేలపై తెలుగును మాటలాడుచునే నిలుపుకొన్నవారము. జాగిలముల జాతులును అట్టివే. వేట చట్టముచే నిషిద్ధమైనది; వ్యవసాయపు కావలి తగ్గినది. క్రొత్త పని చూపనిచో రాజపాలయపు జాగిలము తపాలాబిళ్ళపై బొమ్మగా మాత్రమే మిగులును. మనవారి పిల్లలు ఒక మంచి పిల్లజాగిలమును చేరదీసి, దాని పూర్వుల పనిని తెలిసికొని, ఓర్పుతో విద్య నేర్పినచో, ప్రదర్శనమునకు వచ్చిన చప్పట్లతోబాటు ఒక వంశమును నిలిపిన పుణ్యమును దక్కును. కొనబోవునపుడు ధరకు ముందు అడుగవలసిన ప్రశ్న యిదియే: దీని తాతలు ఏమి పని చేసిరి?