చోలోన్ సముద్రమాత గుడి

నిరుడు మా అబ్బాయి వెంట వియత్నాం వెళ్ళాను. హోచిమిన్ నగరంలో, అంటే పాత సైగానులో, చోలోన్ అనే చైనావారి పేట ఉంది. ఆ మాటకు పెద్ద బజారు అని అర్థం. మన బేగంబజారు అనుకోండి. అక్కడి థియెన్ హౌ అమ్మవారి గుడిని 1760 ప్రాంతంలో కాంటన్ నుంచి వలస వచ్చినవారు కట్టారు.

ఆమె ఫూజియన్ తీరాన పుట్టిన పిల్ల అనీ, తుఫానులో చిక్కిన తండ్రినీ అన్నలనూ కాపాడబూనిందనీ ఐతిహ్యం. ప్రాణాలు అరచేత పెట్టుకొని ఓడల్లో వచ్చినవారు ఆమెకు గుడి కట్టడంలో వింత లేదు. 1813లో ఇక్కడ కలరా చెలరేగితే, ఉజ్జయినిలో ఉన్న సురిటి అప్పయ్యగారు మొక్కుకొని, 1815లో సికింద్రాబాదులో మహంకాళిని నిలిపారన్న కథ మన ముషీరాబాదు వారికి తెలియనిదా!

ఆ గుడి కాంటన్ వారి సంఘ భవనం కూడా. కొత్తగా ఓడ దిగినవానికి స్వంత భాష వినబడే చోటు. మన సంఘం ఆఫీసు వంటిదే, కాకపోతే పొగ ఎక్కువ!

1978-79లో చైనా సంతతివారు లక్షల సంఖ్యలో వియత్నాం విడిచిపోయారు. చాలామంది చిన్న పడవలే ఎక్కారు. ఎందరో సముద్రం పాలయ్యారు. తాతలను ఒడ్డు చేర్చిన అమ్మవారికి ఆ రోజుల్లో ఎన్ని మొక్కులు అందాయో!

కప్పు నుంచి వేలాడే పెద్ద పెద్ద అగరు చుట్టలు రోజుల తరబడి కాలుతాయి. ఒక్కొక్కదానికి మొక్కినవారి పేరున్న చీటీ. నేనూ ఒకటి కొని, అమెరికాలోని మనవరాలి పేరు తెలుగులోనే రాశాను. అక్కడి కుర్రాడు చీటీని అటూ ఇటూ తిప్పి చూసి, నవ్వి, కర్రతో పైకి తగిలించాడు.