పాతబస్తీ గజల్, హార్ప్సికార్డ్ రేఖ్తా
ఈరోజు చౌమొహల్లా ప్యాలెస్ దగ్గర మొదలుపెట్టి, పియానో దాకా వెళ్దాం. సంబంధం ఏంటి అంటారా? చెప్తా.

నిజాం అలీ ఖాన్ కాలంలో ఈ పాతబస్తీని ఏలిన గొంతు మహ్‌లఖా బాయి చందాది. 1768లో పుట్టింది. పాట, నాట్యం, కవిత్వం, మూడూ వచ్చు. 1799లో తన ఉర్దూ గజల్స్ దివాన్‌ని జాన్ మాల్కం అనే బ్రిటిష్ కెప్టెన్‌కి కానుకగా ఇచ్చింది. ఆ ప్రతి ఇప్పుడు లండన్‌లో, బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. కానీ అందులో ఉన్నవి మాటలే. ఆమె వాటిని ఏ వరసలో పాడిందో కాగితం చెప్పదు కదా!

సరిగ్గా దీనికి పదేళ్ల ముందు, 1789లో, కలకత్తాలో ఒక పుస్తకం అచ్చయింది. పేరు 'ఓరియంటల్ మిసెలనీ'. విలియం హామిల్టన్ బర్డ్ అనే ఆయన మన దగ్గరి రేఖ్తాలు, టప్పాలు, తరానాలు పోగేసి హార్ప్సికార్డ్ కోసం రాశాడు. లక్నోలో సోఫియా ప్లౌడెన్ కూడా ఖానుం లాంటి గాయనుల పాటలు ఇలాగే రాయించుకుంది. అంటే అక్కడి పాటకి వరస మిగిలింది, మన చందా పాటకి మాట మిగిలింది. నాకైతే ఇది కొంచెం బాధగానే ఉంటుంది.

హార్ప్సికార్డ్ అంటే పియానోకి పెద్దక్క. మెట్టు నొక్కితే లోపల చిన్న ఈకముల్లు తీగని మీటుతుంది, మన వీణలాగే. పియానోలో సుత్తి కొడుతుంది. అందుకే హార్ప్సికార్డ్‌లో గట్టిగా నొక్కినా, మెల్లగా నొక్కినా శబ్దం దాదాపు ఒక్కటే. పియానోని ఇటలీలో క్రిస్టోఫోరి 1700 ప్రాంతంలో తయారుచేశాడు. బర్డ్ పుస్తకం వచ్చేనాటికి హార్ప్సికార్డ్ రోజులు అయిపోవస్తున్నాయి. స్కార్లట్టి, బాఖ్ నడిచిన బరోక్ దారికి ఇది చిట్టచివరి మలుపు అనుకోండి.

పాపం, బర్డ్‌కి మన తాళం అస్సలు లొంగలేదు. వీటిని లెక్కలోకి తేవడానికి చాలా కష్టపడ్డానని ముందుమాటలో తనే ఒప్పుకున్నాడు. పైగా గమకం తీసేశాడు, కింద ఇంగ్లీషు కార్డ్స్ పెట్టాడు. 2015లో జేన్ చాప్‌మన్ ఈ పాటల్ని హార్ప్సికార్డ్ మీద రికార్డు చేసి ఆల్బమ్‌గా తెచ్చారు. వినండి, ఎక్కడో మొహర్రం వీధిలో విన్నట్టూ ఉంటుంది, కానట్టూ ఉంటుంది.

మీ దగ్గర కీబోర్డు ఉంటే ఒక చిన్న ప్రయోగం. పెడల్ తొక్కకండి, స్వరాలన్నీ కలిసిపోయి ముద్దయిపోతాయి. ముందు బర్డ్ రాసినట్టే రెండు చేతులా వాయించండి. తర్వాత ఎడమ చెయ్యి ఆపేసి, కుడిచేతి వరస ఒక్కటే, కొంచెం నిదానంగా వాయించండి. లక్నో మెహ్ఫిల్‌లో కూర్చున్న గాయని అప్పుడు వినిపిస్తుంది.