చెరకు గానుగ, వ్యవసాయ పనిముట్లకు తుప్పు నిరోధక పూత: నిల్వ, కలపడం, వేసే విధానం

అనకాపల్లి జిల్లాలో ఇనుము మిగతా చోట్ల కంటే త్వరగా తుప్పు పడుతుంది. అచ్యుతాపురం, రాంబిల్లి, ఎస్.రాయవరం, నక్కపల్లి, పాయకరావుపేట మండలాలకు సముద్రపు గాలి తగులుతుంది. ఆ గాలిలోని ఉప్పు ఇనుము మీద పేరుకుని తేమను పీల్చుకుంటుంది. చోడవరం, మాడుగుల, చీడికాడ వైపు ఉప్పు గాలి తక్కువే గానీ అక్కడ గానుగ దగ్గర చెరకు రసం ఉంటుంది. తాజా రసం పీహెచ్ సుమారు 5 నుంచి 5.5 వరకు ఉంటుంది, అంటే కొంచెం ఆమ్ల గుణం కలది. గానుగ సందుల్లో రెండు రోజులు నిలిచి పులిస్తే ఆ గుణం ఇంకా పెరిగి ఇనుమును తినేస్తుంది. వీటికి తోడు ఎరువుల అవశేషాలు. మ్యూరేట్ ఆఫ్ పొటాష్ అంటే పొటాషియం క్లోరైడ్. ఇనుము విషయంలో అది సముద్రపు ఉప్పుకు ఏమీ తీసిపోదు.

ఏటా ఒకసారి పనిముట్లకు రంగు వేయించే రైతులు చాలామంది ఉన్నారు. అయినా మరుసటి వానలకే రంగు పొక్కులు లేచి, పెచ్చులుగా ఊడిపోతుంది. తప్పు చాలావరకు రంగుది కాదు. డబ్బాను నిల్వ చేసిన తీరులో, కలిపిన తీరులో, అన్నిటికన్నా ఎక్కువగా ఇనుమును శుభ్రం చేసిన తీరులో ఉంటుంది.

ముందుగా: వేటికి పూత వేయకూడదు

బెల్లం వండే పెనం లోపలి భాగం, రసం పారే తొట్టె, రసం తగిలే గానుగ రోలర్లు, రసం పట్టే డ్రమ్ము లోపలి వైపు, కలియబెట్టే గరిటెలు. వీటికి రెడ్ ఆక్సైడ్ గానీ, ఎనామెల్ గానీ, అల్యూమినియం రంగు గానీ వేయకూడదు. వేడి రసానికి రంగు ఊడి బెల్లంలో కలుస్తుంది. ఆ బెల్లం పిల్లలూ తింటారు, గుడిలో నైవేద్యానికీ వెళుతుంది. బజారులో దొరికే రెడ్ ఆక్సైడ్ ప్రైమర్లలో జింక్ క్రోమేట్ కలిపినవి కొన్ని ఉన్నాయి. తుప్పును బాగా ఆపుతుంది గానీ క్రోమేట్ విషపదార్థం. ఇళ్లకు వాడే రంగుల్లో సీసం 90 పీపీఎం మించకూడదని 2016లో వచ్చిన కేంద్ర నిబంధన పారిశ్రామిక రంగులకు వర్తించదు. కాబట్టి యంత్రాలకు వేసే రంగు డబ్బా మీద సీసం లేదని స్పష్టంగా రాసి ఉంటే తప్ప లేదని అనుకోవద్దు.

రసం తగిలే భాగాలకు ఒకటే పద్ధతి. వండడం ముగిసిన రోజే వేడినీళ్లతో కడిగి, గుడ్డతో తుడిచి, ఎండలో ఆరబెట్టి, తినే నూనె పలుచగా రాయాలి. పెనాన్ని సన్నని సెగ మీద తడి పోయే వరకు వేడి చేసి, గోరువెచ్చగా ఉన్నప్పుడే నూనె రాసి, నేల తగలకుండా ఇటుకల మీద బోర్లించాలి. మళ్లీ సీజను మొదలయ్యేటప్పుడు ఆ నూనెను కడిగేసి, మొదటి వంటకు ముందు ఒకసారి నీళ్లు కాచి పారబోయాలి. పాత ఇంజను ఆయిల్ ఈ పనికి అసలు పనికిరాదు.

పశువుల కుడితి తొట్టె, అవి నాకే గుంజలు, గొలుసులు కూడా ఈ జాబితాలోవే.

మట్టిలో దిగే నాగలి కర్రు, కల్టివేటర్ పళ్లు, రోటావేటర్ బ్లేడ్లకు రంగు వేయడం డబ్బు వృథా. మొదటి సాలులోనే గీసుకుపోతుంది. పని అయ్యాక మట్టి కడిగి, ఆరబెట్టి, గ్రీజు పలుచగా పూస్తే చాలు. బేరింగులు, గ్రీజు నిపుళ్లు, మరలు, తిరిగే షాఫ్టుల మీద రంగు పడకుండా ముందే గుడ్డ లేదా టేపు చుట్టాలి.

ఇంకొకటి ప్రాణాలకు సంబంధించినది. మోటారు, స్టార్టర్ పెట్టెలకు రంగు వేసేటప్పుడు మెయిన్ ఆపి ఫ్యూజులు తీసేయాలి. ఎర్త్ వైరు బిగించే బోల్టు కింద రంగు ఉండకూడదు. రంగు కరెంటును అడ్డుకుంటుంది. బోల్టు కింద రంగు పొర ఉంటే ఎర్త్ ఉన్నట్టే కనిపిస్తుంది గానీ లీకైన కరెంటు భూమిలోకి సరిగా పోదు. తడి చేత్తో పెట్టె ముట్టుకున్నవారికి షాక్ తగులుతుంది. ఆ చోట ఇనుము మెరిసేలా గీకి, వైరు బిగించాక పైన గ్రీజు రాయాలి.

కొనడం, నిల్వ చేయడం

హార్డ్‌వేర్ దుకాణంలో "రెడ్ ఆక్సైడ్" అని అడిగితే చౌక రకం చేతికి ఇచ్చే అవకాశం ఉంది. ఎరుపు రంగు ఇచ్చే ఐరన్ ఆక్సైడ్ ఒక్కటే తుప్పును ఆపదు. జింక్ ఫాస్ఫేట్ వంటి నిరోధక పదార్థం కలిసిన ప్రైమర్ అడగండి. జింక్ క్రోమ్ రకానికి ఐఎస్ 2074 ప్రమాణం ఉంది. అది తీసుకుంటే గీకేటప్పుడు, రుద్దేటప్పుడు జాగ్రత్తలు రెట్టింపు ఉండాలి. డబ్బా మీద తయారీ తేదీ, వాడే గడువు చూడకుండా తీసుకోవద్దు. డబ్బా ఊపినప్పుడు లోపల ద్రవం కదలకుండా గట్టిగా ఉంటే వద్దనండి.

ఎంత కావాలో లెక్క వేసుకుని కొంటే మిగులు తక్కువ. ఉదాహరణకు గానుగ పాకకు రెండు అంగుళాల పైపు గుంజలు 8, ఒక్కొక్కటి 3 మీటర్ల ఎత్తు అనుకుందాం. ఆ పైపు చుట్టుకొలత సుమారు 19 సెంటీమీటర్లు. ఒక గుంజ 0.57 చదరపు మీటరు, ఎనిమిదీ కలిపి సుమారు నాలుగున్నర. లీటరు ప్రైమర్ నున్నని ఇనుము మీద సుమారు 10 చదరపు మీటర్లు వస్తుంది, గుంటలు పడిన పాత ఇనుము మీద 7, 8 మీటర్లే. రెండు పూతలకు 9 చదరపు మీటర్లు, అంటే లీటరుంబావు ప్రైమర్, అంతే ఎనామెల్. నాలుగు లీటర్ల డబ్బా అక్కర్లేదు.

డబ్బాను సిమెంటు నేల మీద నేరుగా పెడితే తేమకు అడుగు తుప్పుపట్టి కారుతుంది. చెక్క పలక మీద నీడలో పెట్టాలి. గానుగ పొయ్యి, చెరకు పిప్పి కుప్ప, గడ్డివాము, డీజిల్, మోటారు గది దగ్గర పెట్టకూడదు. ఎరువులు, విత్తనాలు, తిండి గింజలు ఉన్న గదిలోనూ వద్దు. సగం వాడిన డబ్బా అంచును గుడ్డతో తుడిచి, మూత మీద చెక్కముక్క పెట్టి చుట్టూ తట్టి బిగించాలి. అంచున రంగు గడ్డకడితే మూత సరిగా కూర్చోదు, లోపల మీగడలాంటి పొర కడుతుంది. సగానికి తగ్గిన రంగును చిన్న డబ్బాలోకి మార్చి, పేరు, తెరిచిన తేదీ రాసి పెట్టుకోండి. మిగిలిన టర్పెంటైన్‌ను మంచినీళ్ల సీసాలో, కూల్‌డ్రింకు సీసాలో పోయవద్దు. చూడడానికి నీళ్లలాగే ఉంటుంది.

ఇనుమును సిద్ధం చేయడం

పనిలో సగానికి పైగా సమయం ఇక్కడే పోవాలి. చాలామంది నేరుగా వైర్ బ్రష్ పట్టుకుంటారు. మొదటి పని అది కాదు, మంచినీళ్లతో కడగడం. ఉప్పు, ఎరువు, రసం నీళ్లలో కరిగిపోతాయి. బ్రష్‌తో రుద్దితే అవి పోవు, ఇనుము గుంటల్లోకి ఇంకా దిగుతాయి. పైన రంగు వేశాక పొర గుండా తేమను లాక్కుని పొక్కులు తెస్తాయి. ఉప్పునీటి బోరు నీళ్లతో కడిగితే ఫలితం ఉండదు. కాలువ నీరో, తాగే నీరో వాడండి. గ్రీజు, డీజిల్ మరకలు ఉంటే ముందు సబ్బు నీళ్లతో తీసి, తర్వాత కడగాలి.

ఆరాక స్క్రాపర్‌తో, వైర్ బ్రష్‌తో వదులు తుప్పు, ఊడే పాత రంగు తీసేయాలి. గట్టిగా పట్టుకున్న పాత రంగును తీయనక్కర్లేదు. దాని అంచులు ఎమరీ పేపర్‌తో నునుపు చేస్తే చాలు. పాత రంగు ఏ రకమో తెలియనప్పుడు పొడిగా రుద్దకుండా తడి చేసి రుద్దండి. దుమ్ములో సీసం, క్రోమేట్ ఉండవచ్చు. మాస్కు కట్టుకోండి, పిల్లలను దూరంగా ఉంచండి, ఆ పొట్టును గోనె మీద పట్టి విడిగా తీసేయండి. కూరగాయల మడిలో పోయవద్దు.

చింతపండు, నిమ్మకాయతో తుప్పు తీయడం మన పెద్దల పద్ధతి. చిన్న కొడవలి, చెరకు కత్తికి బాగానే పనిచేస్తుంది. తర్వాత ఆ పులుపును పూర్తిగా కడిగి ఆరబెట్టకపోతే సాయంత్రానికే కొత్త తుప్పు వస్తుంది. తుప్పును నల్లని గట్టి పొరగా మార్చే ద్రావణాలు కూడా దుకాణాల్లో దొరుకుతాయి. వదులు తుప్పు గీకిన తర్వాతే వాటిని రాయాలి. మందంగా పెచ్చుకట్టిన తుప్పు మీద రాస్తే పైపొర మాత్రమే నల్లబడుతుంది.

తీర మండలాల్లో శుభ్రం చేసిన ఇనుమును రాత్రంతా వదిలేయకూడదు. ఉదయానికి సన్నని ఎర్ర పొర వస్తుంది. ఆ రోజు ఎంతకు ప్రైమర్ వేయగలరో అంతే శుభ్రం చేయండి.

జీఐ పైపులు, రేకుల సంగతి వేరు. జింకు పూత ఉన్న కొత్త రేకు మీద మామూలు ఎనామెల్ నేరుగా వేస్తే కొన్నాళ్లకు పొరలుగా ఊడుతుంది. దానికి ముందు ఎచ్ ప్రైమర్ వేయాలి. వెల్డింగ్ చేసిన చోట జింకు కాలిపోయి ఉంటుంది కాబట్టి అక్కడ మాత్రం జింకు ఎక్కువగా ఉండే ప్రైమర్ రాయాలి.

కలపడం

నిల్వ ఉన్న ప్రైమర్‌లో బరువైన పదార్థం అడుగున ముద్దలా దిగుతుంది. తుప్పును ఆపేది ఎక్కువగా ఆ ముద్దలోనే ఉంటుంది. పైన తేలిన నూనెలాంటి ద్రవాన్ని మాత్రమే వాడితే ఎర్రగా కనిపిస్తుంది గానీ రక్షణ ఉండదు. మూత తీశాక పైన పొర కట్టి ఉంటే దాన్ని కలపకుండా ముక్కగా ఎత్తి పారేయాలి. పైద్రవాన్ని వేరే శుభ్రమైన డబ్బాలోకి వంచి, అడుగు ముద్దను వెడల్పాటి కర్రతో చిదిపి, వంచిన ద్రవాన్ని కొంచెం కొంచెంగా తిరిగి పోస్తూ కలపాలి. చివరగా ఒక డబ్బాలోంచి ఇంకొకదానిలోకి నాలుగైదు సార్లు తిరగబోసి, నైలాన్ గుడ్డతో వడగట్టాలి. అడుగు రాయిలా గట్టిపడి చిదగకపోతే ఆ డబ్బాను వదిలేయండి.

బ్రష్‌కు చిక్కగా ఉంటే కంపెనీ చెప్పిన థిన్నర్ మాత్రమే వాడాలి. మామూలు రెడ్ ఆక్సైడ్‌కు మినరల్ టర్పెంటైన్ సరిపోతుంది. లీటరుకు 50 మిల్లీలీటర్లతో మొదలుపెట్టి, 100 దాటవద్దు. పలుచన చేస్తే ఎక్కువ చోటుకు వస్తుందన్నది నిజమే, పొర కూడా అంతే పలుచన అవుతుంది. కిరోసిన్ కలిపితే జిడ్డు మిగిలి ఆరడం ఆలస్యమవుతుంది. పెట్రోలు నిప్పు అంటుకునే ప్రమాదం, వద్దు. రెండు డబ్బాలుగా వచ్చే ఎపాక్సీ రకమైతే డబ్బా మీద రాసిన నిష్పత్తిలోనే కలపాలి. గంటల్లో గట్టిపడుతుంది కాబట్టి అప్పటికి సరిపడా మాత్రమే కలుపుకోవాలి.

ఎప్పుడు, ఎలా వేయాలి

గానుగ పని ముగిసే మార్చి, ఏప్రిల్ నెలలు ఈ పనికి అనుకూలం. జూన్‌లో వానలు మొదలయ్యేలోపు పూత బాగా గట్టిపడుతుంది. అక్టోబరు, నవంబరు తుపాన్ల కాలానికి పాక గుంజలు బలంగా ఉండాలన్నా ఇదే సమయం. 2014 అక్టోబరు 12న వచ్చిన హుద్‌హుద్ ఈ ప్రాంతంలో ఎన్ని రేకుల పాకలను లేపిందో చూసినవారికి గుంజ మొదలు ఎందుకు చూసుకోవాలో చెప్పనక్కర్లేదు.

ఉదయం మంచు తడి పూర్తిగా పోయాక, సుమారు తొమ్మిదిన్నరకు మొదలుపెట్టి, మధ్యాహ్నం మూడుకల్లా ఆపాలి. సాయంత్రం తేమ పడేలోపు పైపొర ఆరాలి. మే ఎండలో చెయ్యి పెట్టలేనంత కాలిన ఇనుము మీద వేస్తే థిన్నర్ ఒక్కసారిగా ఎగిరి పొరలో సూదిరంధ్రాలు మిగులుతాయి. నీడలో వేయండి.

మొదటి పూత స్ప్రే కంటే బ్రష్‌తో వేయడమే మంచిది. గుంటల్లోకి రుద్దినట్టు వేయవచ్చు. ముందు అంచులు, వెల్డింగ్ గీతలు, బోల్టు తలలు, కోణాల మీద ఒకసారి బ్రష్ తిప్పి, ఆ తర్వాత మొత్తానికి వేయండి. రంగు ఆరేటప్పుడు పదునైన అంచు నుంచి వెనక్కి లాగుకుంటుంది. తుప్పు ఎప్పుడూ అక్కడి నుంచే మొదలవడానికి కారణం అదే. ఒక రాత్రి ఆరాక రెండో పూత, మళ్లీ ఆరాక ఎనామెల్ రెండు పూతలు. ప్రైమర్ ఒక్కటే వేసి వదిలేస్తే వాననీటిని ఆపలేదు. దాని పొరలో సన్నని రంధ్రాలు ఉంటాయి.

గుంజ నేలలో దిగే చోట సిమెంటును వాలుగా కట్టి నీరు నిలవకుండా చేయాలి. ప్రైమర్ బాగా ఆరాక, నేల నుంచి జానెడు ఎత్తు వరకు నల్ల బిటుమెన్ రంగు వేయవచ్చు. గానుగ పొయ్యి గొట్టానికి మామూలు రంగు కాలిపోతుంది. వేడిని తట్టుకునే అల్యూమినియం రంగు తీసుకుని, ఎంత వేడి వరకు తట్టుకుంటుందో డబ్బా మీద చూడండి.

పొయ్యి వెలుగుతుండగా రంగు పని పెట్టుకోవద్దు, బీడీ కూడా వద్దు. రంగు తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూల పడేయకండి. నూనె ఆధారిత రంగు ఆరేటప్పుడు వేడి పుట్టి, కుప్పగా ఉన్న గుడ్డలు వాటంతటవే అంటుకోవచ్చు. పక్కన పిప్పి ఉంటే పాక మొత్తం పోతుంది. గుడ్డలను తీగ మీద విడివిడిగా ఆరేసి, గట్టిపడ్డాక తీసేయండి. బ్రష్ కడిగిన టర్పెంటైన్‌ను మూత ఉన్న డబ్బాలో ఉంచితే రెండు రోజుల్లో రంగు అడుగుకు దిగుతుంది. పైన తేరిన దాన్ని మళ్లీ బ్రష్‌లు కడగడానికి వాడుకోవచ్చు. బావి గట్టున, కాలువలో మాత్రం పోయకండి.

వానలు మొదలయ్యాక నెలకోసారి గుంజ మొదళ్లు, ట్రాలీ అడుగు, గానుగ కాళ్లు చూడండి. రూపాయి బిళ్లంత తుప్పు కనిపించినప్పుడే వానలేని రోజు చూసి, ఆ మేరకు గీకి, చుట్టూ రెండంగుళాలు కలిపి ప్రైమర్, ఎనామెల్ వేస్తే పావు లీటరుతో పోతుంది.